బందరు నుంచి సిరుసేరి దాకా: ఒక చిన్న గణిత విశ్వవిద్యాలయం కథ

(చెన్నై టీ నగర్‌లో, ప్లస్ టూ చదివే పిల్లలున్న తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసల్లో కూర్చున్నారు, చాలా సంతోషం. అమ్మానాన్నలు కూడా కాస్త ముందుకు జరగండి. నేను చెప్పబోయేది మీ ఇద్దరి కోసం.

ఇక్కడి నుంచి పానగల్ పార్కు దాటి కాస్త నడిస్తే జీ.ఎన్. చెట్టి రోడ్డు వస్తుంది. ఆ రోడ్డులో 92వ నంబరు, ఈస్ట్ కోస్ట్ చాంబర్స్ అని ఒక ఆఫీసుల భవనం. చీరల కోసమో బంగారం కోసమో టీ నగర్ వచ్చినప్పుడు మీరు ఆ దారిన చాలాసార్లు వెళ్ళే ఉంటారు. మన దేశంలోని గొప్ప గణిత శాస్త్రజ్ఞుల్లో ఒకాయన 1989లో ఆ భవనంలో ఒక గణిత విభాగం మొదలుపెట్టారు. పదిహేడేళ్ళ తర్వాత అది విశ్వవిద్యాలయం హోదా తెచ్చుకుంది. అదే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. పిల్లలు సీఎంఐ అంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన పేరు సి.ఎస్. శేషాద్రి.

నేను ఈ సాయంత్రం మీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. కొత్త గణితం కనిపెట్టేవాళ్ళే డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి కూడా పాఠం చెప్పాలి అన్న పట్టుదల మీద ఈ సంస్థ పుట్టింది. అది ఇప్పటికీ చిన్నదిగా ఉండటానికి కారణం కూడా ఆ పట్టుదలే. ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎంత వెనక్కి అంటే, మన బందరు దాకా.

కొమరవోలు చంద్రశేఖరన్ గారు 1920లో మచిలీపట్నంలో పుట్టారు. బాపట్లలో బడి చదువు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, కె. ఆనందరావు గారి దగ్గర పరిశోధన. అక్కడి నుంచి అమెరికాలో ప్రిన్స్‌టన్. 1949లో హోమీ భాభా ఆయన్ని బొంబాయికి పిలిపించి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో గణిత విభాగాన్ని ఆయన చేతుల్లో పెట్టారు. అప్పటికి ఆయనకి ముప్ఫయ్యేళ్ళు కూడా నిండలేదు. ఆయన చేసిన పని చూడండి. ప్రపంచంలో పేరున్న గణితజ్ఞుల్ని పిలిపించి వారాల తరబడి ఉపన్యాసాలు ఇప్పించారు. ఆ ఉపన్యాసాల నోట్సు రాసే బాధ్యత కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులకి అప్పజెప్పారు. ఫ్రాన్సు నుంచి లొరాన్ ష్వార్జ్ వచ్చి మాట్లాడితే, ఇరవై మూడేళ్ళ కుర్రాడు అది విని, అర్థం చేసుకుని, తప్పుల్లేకుండా రాయాలి. అర్థం కాకపోతే వెళ్ళి అడగాలి. ఆ నోట్సు అచ్చయి దేశదేశాలకీ వెళ్ళింది. పెద్ద గణితం, చిన్న వయసు ఒకే గదిలో ఉండాలన్న ఆలోచన ఈ కథలో మొదట కనిపించేది అక్కడే. అది మన బందరు మనిషిది. ఈ సంగతి మన పిల్లలకి తెలియాలని నాకు చాలా ఉంది.

ఆ కుర్రాళ్ళలో ఒకరు శేషాద్రి. 1932 ఫిబ్రవరి 29న కాంచీపురంలో పుట్టారు, చెంగల్పట్టులో పెరిగారు, మద్రాసు లయోలా కాలేజీలో చదివారు. లయోలాలో అప్పుడు ఫాదర్ షార్ల్ రసీన్ అనే ఫ్రెంచి పాదిరి గణితం చెప్పేవారు. పారిస్‌లో ఎలీ కార్తాన్ అనే గొప్ప గణితజ్ఞుడి దగ్గర డాక్టరేట్ చేసిన మనిషి. యూనివర్సిటీ పరీక్షకి ఏం కావాలో అంతవరకే చెప్పి ఊరుకునే రకం కాదు. యూరప్‌లో ఆ రోజుల్లో గణితం ఏ దారిన పోతోందో డిగ్రీ పిల్లలకి చెప్పేవారు. శేషాద్రి, ఎం.ఎస్. నరసింహన్, సి.పి. రామానుజం, వీళ్ళందరూ ఆయన శిష్యులే. అంతకు ముందు తరంలో మీనాక్షిసుందరం కూడా లయోలాలో చదివినవారే. ఆయన తర్వాత మన ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేశారు. ఆయన పేరున్న జీటా ఫంక్షన్‌ని ఇప్పటికీ చదువుతున్నారు.

శేషాద్రి, నరసింహన్ 1953లో బొంబాయి వెళ్ళి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. చంద్రశేఖరన్ గారి దగ్గర డాక్టరేట్. పారిస్‌లో కూడా కొన్నేళ్ళు ఉన్నారు. 1965లో ఇద్దరూ కలిసి ఒక సిద్ధాంతం ప్రచురించారు. నరసింహన్-శేషాద్రి సిద్ధాంతం అని ప్రపంచమంతా అంటుంది. వివరంగా చెప్పే సమయం లేదు, పిల్లల కోసం రెండు ముక్కలు చెప్తాను. రంధ్రాలున్న ఒక ఉపరితలాన్ని ఊహించుకోండి. దాని మీద బీజగణితం ఉపయోగించి కొన్ని నిర్మాణాలు కట్టొచ్చు. అదే ఉపరితలం మీద, బయలుదేరిన చోటికే తిరిగొచ్చే దారుల్ని బట్టి ఇంకో రకం లెక్క పుడుతుంది. ఈ రెండూ వేర్వేరు ఊళ్ళ మనుషుల్లా కనిపిస్తాయి. సరైన షరతు పెడితే మొదటి రకంలో ప్రతి ఒక్కదానికీ రెండో రకంలో ఒక జత ఉందని వీళ్ళు చూపించారు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత సైమన్ డోనాల్డ్‌సన్ అనే బ్రిటిష్ గణితజ్ఞుడు దీనికే మరో కొత్త రుజువు ఇచ్చారు. భౌతిక శాస్త్రవేత్తలకి కూడా ఇది పనికొచ్చింది.

మరో తెలుగు పేరు చెప్పాలి. చిటికిల ముసిలి గారు. శేషాద్రి దగ్గర పరిశోధన చేశారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. లక్ష్మీబాయి, ముసిలి, శేషాద్రి కలిసి రాసిన పరిశోధన వ్యాసాల వరస వాళ్ళ రంగంలో పునాది లాంటిది. చూడండి, బందరు చంద్రశేఖరన్ గారి శిష్యుడు శేషాద్రి, ఆయన శిష్యుడు ముసిలి గారు. ఈ విద్య మన ఇళ్ళకి పరాయిది ఎప్పుడూ కాదు.

ఇప్పుడు అసలు సమస్యకి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో పరిశోధన అంతా పెద్ద పెద్ద సంస్థలకి వెళ్ళిపోయింది. డిగ్రీ పాఠాలు మాత్రం కాలేజీల్లో ఉండిపోయాయి. పరిశోధన చేసేవాళ్ళకి పద్దెనిమిదేళ్ళ పిల్లలు కనిపించరు. కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకి పరిశోధన చేసే తీరిక ఉండదు, గుర్తింపూ ఉండదు. నేను నా ఉద్యోగమంతా ఆ రెండో గట్టునే చేశాను. మంచి పిల్లలు మొదటి సంవత్సరంలో కళ్ళు మెరిపించుకుంటూ వచ్చి, మూడో సంవత్సరానికి గైడు పుస్తకం బట్టీ పట్టి వెళ్ళిపోవడం చూశాను. దీంట్లో ఏ ఒక్కరినీ తప్పు పట్టలేం. సిలబస్ ఒకచోట తయారవుతుంది, ప్రశ్నపత్రం ఇంకోచోట, పేపర్లు దిద్దేది మరోచోట. పాఠం చెప్పే మనిషి చేతిలో పాఠం తప్ప ఏమీ ఉండదు.

శేషాద్రి 1984లో బొంబాయి వదిలి చెన్నై వచ్చి, తరమణిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో చేరారు. 1989లో స్పిక్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ళ అండతో గణిత విభాగం మొదలుపెట్టారు. స్పిక్ అంటే ఎరువుల కంపెనీ, సదరన్ పెట్రోకెమికల్ ఇండస్ట్రీస్. ఎరువుల కంపెనీ బీజగణితానికి డబ్బు పెట్టడం అప్పట్లో చాలామందికి వింతగానే అనిపించింది. 1996లో ఆ విభాగం విడిగా ఒక సంస్థ అయింది. 1998లో ఇప్పుడున్న పేరు వచ్చింది. తర్వాత శ్రీరామ్ గ్రూపు, ఇన్ఫోసిస్ ఫౌండేషన్ లాంటివి సాయం చేశాయి, కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ నుంచి కూడా నిధులు వచ్చాయి. పేరుకి ప్రైవేటు సంస్థే, కానీ లాభం కోసం పెట్టింది కాదు. తల్లిదండ్రులు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ప్రైవేటు యూనివర్సిటీ అనగానే మనకి డొనేషను, హైవే పక్కన హోర్డింగులు గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదు.

1998లోనే బీఎస్సీ ఆనర్స్ మొదలైంది. గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి. మరి డిగ్రీ పట్టా ఎవరిస్తారు? సంస్థకి ఆ అధికారం లేదు. మామూలుగా ఏదైనా యూనివర్సిటీకి అనుబంధంగా చేరితే వాళ్ళ సిలబస్, వాళ్ళ పరీక్ష తప్పవు. అప్పుడిక పెట్టుకున్న ఉద్దేశమే పోతుంది. చివరికి భోపాల్‌లోని మధ్యప్రదేశ్ భోజ్ ఓపెన్ యూనివర్సిటీతో ఒప్పందం కుదిరింది. చదువు టీ నగర్‌లో, పట్టా భోపాల్ నుంచి! ఆ మొదటి బ్యాచీల తల్లిదండ్రుల్ని ఒకసారి తలుచుకోండి. ఇంజనీరింగ్ సీటు వదులుకుని, ఆఫీసుల భవనంలో నడిచే బీఎస్సీకి, ఎక్కడో దూరాన ఉన్న ఓపెన్ యూనివర్సిటీ పట్టాకి పిల్లల్ని పంపించారు. చుట్టాలు ఏమన్నారో మనం ఊహించుకోవచ్చు. వాళ్ళ టెన్షన్ వాళ్ళకే తెలియాలి. ఆ తల్లిదండ్రుల ధైర్యం లేకపోతే ఈ సంస్థ చరిత్ర మొదటి పేజీలోనే ఆగిపోయేది అని నేను నమ్ముతాను.

2001లో ఎమ్మెస్సీ, 2003లో ఫిజిక్స్ బీఎస్సీ వచ్చాయి. 2005 అక్టోబరులో సంస్థ సిరుసేరికి మారింది. 2006 డిసెంబరులో యూజీసీ చట్టం సెక్షన్ 3 కింద డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. అప్పటి నుంచి పట్టా వాళ్ళదే, సిలబస్ వాళ్ళదే.

సిరుసేరి చూసినవాళ్ళు ఎంతమంది? చాలామంది ఐటీ ఉద్యోగాల కోసం వెళ్ళొస్తూనే ఉంటారు. ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు మీద నావలూరు దాటాక, సిప్‌కాట్ ఐటీ పార్కు లోపల. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల మధ్య 5 ఎకరాల స్థలం. అంతే. ఒక యూనివర్సిటీకి 5 ఎకరాలంటే మనూళ్ళో ఒక చిన్న రైతు పొలం అంత. క్లాసులు, లైబ్రరీ, హాస్టలు, మెస్సు అన్నీ అందులోనే. ఇంత చిన్న చోట ఎటు వెళ్ళినా పాఠం చెప్పిన మనిషి ఎదురుపడక తప్పదు. పొద్దున అర్థం కాని మాటని మధ్యాహ్నం అన్నం తిని వస్తూ అడగొచ్చు. అపాయింట్‌మెంటు తీసుకుని, గుమ్మం బయట నిలబడే పని లేదు. ఇదంతా స్థలం చాలక అలా అయిపోయిందని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. పది రకాల కోర్సులు పెట్టి వేలమందిని చేర్చుకునే దారి వాళ్ళకీ ఉంది. ఆ దారిన వెళ్ళలేదు.

ఈ ప్రాంగణంలో నాకు బాగా నచ్చింది మురుగునీటి ఏర్పాటు. నవ్వకండి, చెప్తాను. ఓఎంఆర్ పక్కన కాపురాలుండే వాళ్ళకి ట్యాంకర్ లారీ అంటే ఏమిటో తెలుసు. వేసవిలో నీళ్ళకే నెలకి ఎంతవుతుందో మీరే చెప్పగలరు. 2006లో సీఎంఐ వాళ్ళు వంటింటి నీళ్ళు, భోజనశాల నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే పద్ధతి పెట్టుకున్నారు. దాన్ని రూపొందించింది సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ గారు, వానపాముల మీద, మట్టి మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన చెన్నై శాస్త్రవేత్త. ఒక గణిత సంస్థ తన వంటింటి నీళ్ళ గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిందంటే నాకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది.

ఇక పిల్లల జీవితం. దేశం నలుమూలల నుంచీ వస్తారు. ముఖ్యంగా బెంగాల్ పిల్లలు బాగా కనిపిస్తారు. ఏటా టెస్సలేట్ అని విద్యార్థుల పండగ ఒకటి జరుపుకుంటారు. నేలంతా ఖాళీ లేకుండా పలకలు పరిచే లెక్కలోంచి తీసుకున్న పేరు అది. సముద్రం చూడాలనిపిస్తే కోవళం ఎంతో దూరం లేదు. గణితంలో బాగా రాణించిన మూడో సంవత్సరం పిల్లలు కొందరు పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్ అనే పేరున్న విద్యాసంస్థకి వెళ్ళి వేసవిలో రెండు నెలలు అక్కడి వాళ్ళతో కలిసి పనిచేస్తారు. ఇరవై ఏళ్ళ వయసులో! శేషాద్రి డాక్టరేట్ దశలో వెళ్ళిన ఊరికి ఇప్పుడు బీఎస్సీ పిల్లలు వెళ్తున్నారు.

శేషాద్రి గారు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి, బాగా పాడేవారు. 2009లో పద్మభూషణ్ వచ్చింది. 2010 దాకా ఆయనే డైరెక్టరు, ఆ తర్వాత సంభావ్యత శాస్త్రంలో పేరున్న రాజీవ కరందీకర్. 2021లో మాధవన్ ముకుంద్ వచ్చారు. కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఆయన పైథాన్ పాఠాలు వినే ఉంటారు. ఆయనే అక్కడ తరగతి గదిలో పాఠం చెప్తారు. శేషాద్రి గారు 2020 జూలై 17న పోయారు. కోవిడ్ రోజులు. ఆ వార్త విన్నప్పుడు నాకు కలిగిన దుఃఖం సొంత గురువు పోయినప్పుడు కలిగిన దుఃఖం కంటే తక్కువేం కాదు.

సరే, పిల్లలూ, ఇప్పుడు మీ సంగతి. అక్కడ చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. గణిత ఒలింపియాడ్‌లో పై మెట్లు ఎక్కిన వాళ్ళ దారి వేరు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. పరీక్షలో ఒక భాగంలో జవాబు రాస్తే చాలు. రెండో భాగంలో మాత్రం ఎందుకు అన్నది రాయాలి. మన పిల్లలు తడబడేది ఇక్కడే. ఒక లెక్క చూపిస్తాను. ఇది పరీక్షలోది కాదు, నేను క్లాసులో చెప్పుకునేది. వరసగా ఉన్న ఏ మూడు సంఖ్యల్ని గుణించినా 6తో నిశ్శేషంగా భాగించొచ్చు. నిజమేనా?

కోచింగ్‌లో నేర్పేదేమిటి? 4, 5, 6 తీసుకో, గుణిస్తే 120, ఆరుతో పోతుంది, ఆప్షన్ బీ, తర్వాతి ప్రశ్న. ముప్ఫై సెకన్లలో అయిపోయింది. పిల్లవాడికి మార్కు వచ్చింది. వాడికి ఏం తెలిసింది? 120 సంగతి తెలిసింది. కోటీ ఒకటి, కోటీ రెండు, కోటీ మూడు సంగతేమిటి? ఇప్పుడు నెమ్మదిగా చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యల్లో ఒకటి తప్పకుండా సరి సంఖ్య. వరసగా మూడు తీసుకుంటే వాటిలో ఒకటి తప్పకుండా మూడో ఎక్కంలోది. కాబట్టి గుణకారంలో 2 ఉంది, 3 ఉంది. రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 6 ఉండి తీరాలి. ఇంతే. నాలుగు వాక్యాలు. ఇందులో ప్లస్ టూ దాటింది ఏమీ లేదు. కానీ ఇప్పుడు మీకు ప్రపంచంలో ఉన్న అన్ని సంఖ్యల గురించీ తెలిసింది. ఈ నాలుగు వాక్యాలు రాస్తున్నప్పుడు ఎవరికి ఒళ్ళు పులకరిస్తుందో వాళ్ళు ఆ పరీక్ష రాయండి. పులకరించకపోతే ఏం పరవాలేదు, మీకు వేరే మంచి దారులు ఉన్నాయి.

తల్లిదండ్రులకి కష్టాలు కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. అక్కడికి వచ్చే ప్రతి ఒక్కరూ వాళ్ళ బడిలో ఫస్టే. మీ అమ్మాయికి మొదటి పరీక్షలో క్లాసులో చివరి మార్కు రావచ్చు. చిన్నప్పటి నుంచీ ఫస్టు వచ్చిన పిల్లకి అది పెద్ద దెబ్బ. ఫోన్‌లో గొంతు వినగానే తెలిసిపోతుంది. అప్పుడు ర్యాంకు అడక్కండి, ఏం చదువుతున్నావో చెప్పమనండి. రెండో కష్టం, ఒక ఏడాది తర్వాత గణితం నాది కాదు అనిపిస్తే, పక్కనే చరిత్ర విభాగమో ఎకనామిక్స్ విభాగమో ఉండదు మారడానికి. చిన్న సంస్థకి అది లోటే. ఊరికి దూరం, సాయంత్రాలు కొందరికి ఒంటరిగా ఉంటుంది.

మూడోది నన్ను అన్నిటికంటే బాధపెట్టేది. గణితం చదవడానికి వచ్చే అమ్మాయిలు మన దేశంలో ఇప్పటికీ తక్కువే, ఇలాంటి చోట్లా తక్కువే. ఇందాక లక్ష్మీబాయి గారి పేరు చెప్పాను. ఆ రోజుల్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి గణితం చేసిన ఆడమనిషి ఆవిడ. తర్వాత అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. అప్పట్లోనే సాధ్యమైంది మన ఇళ్ళలో ఇవాళ ఎందుకు కష్టమవుతోంది? అబ్బాయిని సిరుసేరి పంపడానికి ఆలోచించేది జీతం గురించి. అమ్మాయి విషయానికి వచ్చేసరికి జీతంతో పాటు దూరం, పెళ్ళి, పీహెచ్‌డీ అంటే ఎన్నేళ్ళు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇందాకటి లెక్కకి నేను రెండో వాక్యం పూర్తి చేసేలోపు ఆ మూడో వరసలో ఉన్న అమ్మాయి తల ఊపింది. మూడో వాక్యం ఆ అమ్మాయికి అప్పటికే తట్టింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఎవరో గానీ, సమావేశం అయ్యాక ఒక్క ఐదు నిమిషాలు నాతో మాట్లాడి వెళ్ళండి.

ఉద్యోగాల గురించి అడుగుతారని తెలుసు. చాలామంది పీహెచ్‌డీకి వెళ్తారు, మన దేశంలోనూ, బయటా. కంప్యూటర్ సైన్స్ వైపు, ఫైనాన్స్ వైపు వెళ్ళేవాళ్ళు వెళ్తారు. 2018 నుంచి డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ కూడా నడుపుతున్నారు, దానికి డిమాండ్ బాగుంది. స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఫీజు వివరాలు ఏటా మారతాయి కాబట్టి వాళ్ళ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, నా నోటి మాట మీద ఆధారపడొద్దు.

అదే వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, కోచింగ్‌లో చేరక్కర్లేదు. ఈ ఆదివారం ఒక పాత పేపరు తీసి రెండో భాగంలోంచి ఒక్క లెక్క పట్టుకోండి. ఒక్కటే. గడియారం పక్కన పెట్టుకోవద్దు. జవాబు పత్రం ముందే తెరవొద్దు. రెండు రోజులు పట్టినా పరవాలేదు. వచ్చిన రుజువుని పూర్తి వాక్యాల్లో రాసి, మీ ఇంట్లో లెక్కలు రాని వాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఆగి "ఎందుకూ?" అని అడుగుతారో అక్కడ మళ్ళీ రాయండి. అలా రాసినవి నాకు తెచ్చి చూపిస్తే చదవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు, తర్వాత పెద్దలు.